సాక్షి రొయ్యలు

ఆక్వేరియం షాపుల వాళ్ళందరూ ఆమెను గడ్డి వదిన అంటారు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అద్దాల తొట్టెలో చేపలు తిరుగుతుంటే, ముందువైపు నేల మీద పచ్చగా తివాచీలా పరుచుకున్న చిట్టి మొక్కలుంటాయి చూశారూ, వాటిని వెతికి, ఏరి, పెంచి ఇవ్వడం ఆమె పని. చేపలు అమ్మేవాళ్ళు వీధికొకరు ఉంటారు. తొట్టె వెనకవైపు నిలబెట్టే పొడవాటి మొక్కలూ కావలసినన్ని దొరుకుతాయి. ముందువరస మొక్క దగ్గరికొచ్చేసరికే అందరికీ చుక్కలు కనిపిస్తాయి. అది పొట్టిగా ఉండాలి, పొట్టిగానే ఉండిపోవాలి, నీళ్ళ అడుగున బతకాలి, పైకి పోకుండా పక్కకి పాకాలి. ఈ నాలుగు గుణాలూ ఒక్క మొక్కలో దొరకడమంటే నలుగురు తోడికోడళ్ళు ఒక్క పొయ్యి దగ్గర మాటా మాటా రాకుండా వండుకోవడమేనని ఆమె అంటుంది.

కాలవ గట్టున గొంతుకూర్చుని ఆమె గడ్డిలో వేళ్ళు పెట్టి వెతుకుతుంటే, దారిన పోయేవాళ్ళు చెవిపోగు పోగొట్టుకుందేమోనని తామూ వంగి చూస్తారు. ఆమెకు కావలసింది చెవిపోగు కంటే చిన్నది. సూదిలాంటి ఆకు దొరగ్గానే రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లిస్తుంది. గుండ్రంగా దొర్లితే ఆశ. పలకలుగా తగిలితే అది తుంగ పిల్ల, ఇవాళ బెత్తెడున్నా రేపు మోకాలెత్తు లేస్తుంది, అవతల పారేస్తుంది. దొర్లినదాన్ని మెల్లగా వేరుతో సహా లేపి, మట్టి కడిగి, అడుగున చూస్తుంది. మొక్క కాలి దగ్గర్నుంచి తెల్లటి దారంలాంటిది పాకి, కాస్త ఎడంగా ఇంకో మొక్కను లేపి ఉంటే అది ముందువరసకి పనికొచ్చే అసలు సిసలు జుట్టు గడ్డి. దారం లేకుండా గుత్తిగా ఉంటే, ఎంత ముద్దొచ్చినా కలుపే.

ఇంకో చిక్కుంది. ఈ మొక్కల్లో చాలావాటికి గట్టు మీద ఒక మొహం, నీళ్ళలో ఇంకో మొహం. గట్టున నాలుగాకులు విప్పుకుని నిలబడే బుల్లి మొక్కను తీసుకెళ్ళి తొట్టెలో నాటితే, ఆ ఆకులన్నీ కరిగిపోయి, ఎప్పటికో చెంచాలాంటి ఒంటి ఆకుతో మళ్ళీ లేస్తుంది. ఈలోపే కొన్నవాళ్ళు చచ్చిన మొక్క అంటగట్టావని పోట్లాటకొస్తారు. "పుట్టింటి బట్టలు విడిచి అత్తింటి బట్టలు కట్టుకుంటోందండీ. ఆ కాసేపూ తలుపు తీసి చూడకూడదు," అంటుంది ఆమె.

అలాగని ఆమె నెమ్మదస్తురాలని అనుకునేరు. కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు తెరిస్తే ముందు మాటొస్తుంది, వెనకాల ఆలోచనొస్తుంది. మొక్క వేరు పట్టేదాకా నెలలు ఆగగలదు, మనిషి జవాబు చెప్పేదాకా ఆగలేదు. ఈ సంగతి తెలియకపోతే జరిగింది అర్థం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఇల్లు రెండు గదులూ ఒక వరండా. భర్త లారీ డ్రైవరు. రోడ్డే అతనికి ఇల్లు, ఇల్లు చుట్టాలిల్లు. కాబట్టి ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. వరండా అంతా ప్లాస్టిక్ ట్రేలు, వాటిలో బురద, బురదలో మొలకలు. కొత్తల్లో అత్తగారికి ఇది చూస్తే ఒళ్ళు మండేది. "గడ్డి తినేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, గడ్డి అమ్ముకుని అన్నం తినేదాన్ని నిన్నే చూస్తున్నాను," అనేది. కోడలు బురద కాళ్ళతో మెట్లెక్కుతుంటే "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గోడకి వినిపించేది. ఏళ్ళు గడిచి, కుట్టుమిషను తొక్కే ఓపిక పోయి, ఊరికే కూర్చుంటే కీళ్ళు పట్టేయడం మొదలయ్యాక, ఆవిడే మెల్లగా ట్రేల మీద నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. అలా అలా సాక్షి సీసాలు ఆవిడ చేతికొచ్చాయి.

సాక్షి సీసా అంటే ఇది. కాలవ నుంచి తెచ్చిన మొక్కతో పాటు ఏమొస్తుందో ఎవరికి తెలుసు? పురుగుమందు తగిలిన మొక్క చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. చేపలు తట్టుకున్నా తట్టుకుంటాయేమో గానీ, తొట్టెల్లో పెంచుకునే చిట్టి రొయ్యలు తట్టుకోలేవు. అందుకని కొత్తగా తెచ్చిన మోపులోంచి ఓ గుప్పెడు మొక్క తీసి, గాజు సీసాలో నీళ్ళు పోసి అందులో వేసి, మామూలు రొయ్యపిల్లల్ని మూడింటిని వదులుతారు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక అవి తిరుగుతుంటే మొక్క మంచిది. చస్తే మోపు మోపంతా చెత్తబుట్టలోకి. "నా మొక్కకి పూచీ నేను కాదండీ, రొయ్య," అని గడ్డి వదిన షాపుల్లో గొప్పగా చెప్పుకునేది. ఆమె తెచ్చిన మొక్కని కళ్ళు మూసుకుని తొట్టెలో వేసుకోవచ్చని పేరొచ్చింది అందుకే.

అత్తగారి పని తేలికైనదే. సీసాలకు పల్చటి గుడ్డ కప్పి, నీడన ఉంచి, పొద్దున్నే చూసి ఉన్నదున్నట్టు చెప్పడం. ఒకసారి మాత్రం ఓ సీసాను కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయింది. ఎండ తిరిగి దాని మీద పడింది. రొయ్యలు ఉడికిపోయాయి, మొక్క మంచిదో కాదో తేలకుండా పోయింది. కోడలు అంతెత్తున లేచింది. మొక్కల కోసం వచ్చిన షాపతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అతని ముందే, "ఒక్క పని అప్పజెప్తే ఆ ఒక్కటీ చేతకాలేదు మీకు. కూర్చోవడం, తినడం, అంతేనా?" అంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఈ ఇంట్లో ఆ సామెత తలకిందులైంది. అత్తగారు ఆ పూట అన్నం దగ్గరికి రాలేదు. మర్నాడు మామూలుగా సీసాల దగ్గర కూర్చుంది, కోడలు మామూలుగా టీ ఇచ్చింది. అంతటితో అయిపోయిందనుకుంది కోడలు.

ఇక వాచీలాయన. బజారు చివర అలమరంత కొట్లో వాచీలు బాగుచేస్తాడు, మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటాడు. ఆ గదిలో గోడ వారగా ఒక అద్దాల తొట్టె, అందులో ఎర్రటి చిట్టి రొయ్యలు. దానిమ్మ గింజ ఎరుపు. మొదట్లో ఎవరో ఇచ్చిన పాలిపోయిన రొయ్యల నుంచి, ప్రతి కాన్పులోనూ కాస్త ఎరుపెక్కువ ఉన్నవాటిని ఉంచుకుంటూ, తక్కువున్నవాటిని పంచిపెట్టేస్తూ, జుట్టు నెరిసేదాకా కూర్చుని తెచ్చిన రంగు అది. మంచివాటిలోంచి ఒక్కటి ఇవ్వమని ఎవరడిగినా, "ఇంకో రెండు తరాలు కానివ్వండి, రంగు నిలబడనివ్వండి," అనేవాడు. అందువల్ల ఆ ఎరుపు లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క గదిలోనే ఉంది.

ఆ తొట్టె అతుకు విడిచి కారడం మొదలైంది. ఆయన రొయ్యలన్నింటినీ ఓ ప్లాస్టిక్ బేసిన్‌లోకి మార్చి, కొత్త తొట్టె తెచ్చుకున్నాడు. పిల్లలు దాక్కోవడానికి ముందువైపు జుట్టు గడ్డి కావాలన్నాడు. మామూలుగా అయితే గడ్డి నాటి కొన్నాళ్ళు ఆగి అప్పుడు రొయ్యల్ని వదలాలి. కానీ బేసిన్‌లో ఇరుకైపోయి రోజూ ఒకటో అరో తేలిపోతున్నాయి.

"చెల్లెమ్మా, నాటిన రోజే వదిలేయొచ్చా? నువ్వు ఆగమంటే ఆగుతాను," అన్నాడు.

"నా గడ్డి అన్నయ్యగారూ. సాక్షి చూసిన గడ్డి. పొద్దున నాటండి, మధ్యాహ్నానికి వదిలేయండి," అంది ఆమె. మాట ఇవ్వడంలో ఆమెకి పిసినారితనం లేదు.

మాటైతే ఇచ్చింది గానీ గడ్డేది? ఆమె ఎప్పుడూ వెళ్ళే కాలవలో యంత్రం దింపి పూడిక తీసేశారు. గట్టు గట్టంతా గోకిపారేసి ఉంది. ఎక్కడెక్కడో తిరిగి, కాళ్ళు పీకి, చివరికి ఊరి బయట పొలాల వారగా ఓ చిన్న కాలవలో చూసింది. జుట్టు గడ్డి, చాపలు చాపలుగా. వేళ్ళ మధ్య దొర్లించింది, గుండ్రంగా దొర్లింది. అడుగున తెల్లటి దారాలు, ఒకదాన్నొకటి అల్లుకుని. పైగా ఎంత శుభ్రమో. ఎప్పుడు తెచ్చినా నత్తలు ఏరడానికే సగం రోజు పోయేది. ఈసారి ఒక్క నత్త లేదు, ఒక్క ఆకుకి పురుగు కొరికిన గాటు లేదు. అదృష్టమనుకుంది. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోతే తల్లి గుండె గుబేలుమంటుంది, తలుపు తోసుకుని వెళ్ళి చూస్తుంది. నత్త లేని కాలవను చూసి ఆమె గుండె అలా అనలేదు. మొక్క దొరికిన ఆనందం అలాంటిది. ఒకవేళ అనుమానమొచ్చినా, ఇంట్లో సాక్షి ఉండనే ఉంది కదా.

సీసాలో గడ్డి వేసి, రొయ్యల్ని వదిలి, అత్తగారికి అప్పజెప్పింది. మర్నాడు పొద్దున్న ట్రేలు కడుగుతూనే, "అత్తయ్యా, ఏమంటున్నారు మన సాక్షులు?" అని కేకేసింది.

"బాగానే ఉన్నాయి," అంది అత్తగారు.

అయినా వచ్చి వంగి చూసింది. మూడూ ఆకుల మీద చకచకా పాకుతున్నాయి. గడ్డిని తడి కాగితంలో చుట్టి, డబ్బాలో సర్ది, వాచీలాయన చేతిలో పెట్టి, ఆయన సంబరం చూసి ఇంటికొచ్చింది. మిగిలిన గడ్డిని వరండాలో రొయ్యలుండే తన పెద్ద తొట్టెలో నాటుకుంది. ఇంటి పనులు చూసుకుంది, అన్నం తింది, కాసేపు నడుం వాల్చింది.

లేచి వచ్చి చూసేసరికి తొట్టెలో రొయ్యలు గోడల వెంబడి పిచ్చిపట్టినట్టు పరుగులు తీస్తున్నాయి. కొన్ని అడుగున పక్కకి ఒరిగి, కాళ్ళు కొట్టుకుంటున్నాయి.  నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది, వేడి లేదు. వాసన చూసింది, ఏమీ లేదు.

"అత్తయ్యా, ఈ తొట్టెలో మీరేమైనా పోశారా?"

"నేనెందుకు పోస్తానే."

"సబ్బు చేతులు పెట్టారా?"

"లేదు."

కొత్తగా అందులోకి వెళ్ళింది గడ్డి ఒక్కటే. కానీ గడ్డికి సాక్షి ఉంది. ఆమె బుర్ర ఆ రెండింటి మధ్యా గిరగిరా తిరిగింది. తలెత్తి చూస్తే అత్తగారు ఆరేసిన గుడ్డని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది. కళ్ళు నేల మీద ఉన్నాయి.

"అత్తయ్యా. సీసాలో రొయ్యలు పొద్దున నిజంగా బతికే ఉన్నాయా?"

"నువ్వూ చూశావుగా."

"నేను చూసింది కాదు. మీరు లేచేసరికి ఎలా ఉన్నాయి?"

అత్తగారు ఓరగా సీసా వైపు చూసింది. కోడలు పరుగున వెళ్ళి సీసా మీది గుడ్డ లాగేసింది. పొద్దున చకచకా పాకిన మూడూ ఇప్పుడు అడుగున పడి ఉన్నాయి.

"మూడూ పక్కకి పడిపోయి ఉన్నాయే," అంది అత్తగారు. "గుడ్డ బిగించి కట్టానేమో, గాలాడలేదేమో అనుకున్నాను. మళ్ళీ నా వల్లే చచ్చాయనుకున్నాను. పెద్ద తొట్టెలోంచి ఇంకో మూడు పట్టి వేశాను. గడ్డి వల్ల అని నాకు తట్టలేదు."

"తట్టకపోతే నాకు చెప్పాలి కదా. అందుకే కదా మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది. ఎందుకు చెప్పలేదు?"

అత్తగారు చేతిలో గుడ్డని ఇంకోసారి మడిచింది.

"ఎందుకు చెప్పలేదంటే?" కోడలి గొంతు వీధిలోకి వినపడింది.

"ఇదిగో, నువ్విలా అరుస్తావనే," అంది అత్తగారు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కానీ అప్పుడు దాన్ని తడుముకునే తీరిక లేదు. మధ్యాహ్నం దాటుతోంది. పొద్దున నాటండి, మధ్యాహ్నానికి వదిలేయండి అని చెప్పింది తనే. ఫోన్ తీసి వాచీలాయనకు కొట్టింది. మోగింది, మోగి ఆగింది. మళ్ళీ కొట్టింది. ఆయన ఫోన్ కింద కొట్లో సొరుగులో పెట్టి మేడ ఎక్కేస్తాడని ఊరందరికీ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇంకా ఫోన్ పట్టుకుని నిలబడితే లాభం లేదు. అక్కడికి వెళ్ళినా, రొయ్యల్ని మార్చడానికి మంచి నీళ్ళుండాలి. కుళాయి నీళ్ళు పనికిరావు, నిలవ ఉన్న నీళ్ళే కావాలి. వరండా మూల డ్రమ్ములో పట్టి ఉంచిన వాన నీళ్ళని రెండు డబ్బాల్లోకి వంపింది. ఒకటి స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర పడుతుంది. రెండోది?

"నేను పట్టుకుంటాను," అంది అత్తగారు. చెప్పులు అప్పటికే వేసుకుని ఉంది.

స్కూటర్ సందులోంచి రోడ్డెక్కింది. వెనకాల అత్తగారు డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా నీళ్ళు ఆవిడ మీద ఒలుకుతున్నాయి.  గడ్డి వదిన మనసంతా ఆ బేసిన్ మీదే ఉంది. దేవుడా, ఆయనకి గడ్డి నాటడం ఆలస్యమై ఉండాలి. ఆయనకి ఆకలేసి ముందు అన్నం తింటూ ఉండాలి. ఎవరో వాచీ పట్టుకుని తొందరగా కావాలని కొట్లో కూర్చుని ఉండాలి. ఇంత చిన్న కోరికలు ఆమె ఎన్నడూ కోరుకోలేదు.

రైలు గేటు పడింది. ముందు ఆటోలు, పక్కన బస్సు, వెనక్కి తిప్పే దారి లేదు. ఇంజను ఆపింది. పీకల మీదికొచ్చినప్పుడే రైళ్ళు కూడా గుర్తు పెట్టుకుని వస్తాయి.

"నేను దిగిపోనా?" అంది అత్తగారు. "నా బరువు లేకపోతే ఆ బస్సు సందులోంచి దూరతావేమో."

"మీరు దిగితే డబ్బా ఎవరు పట్టుకుంటారు? కూర్చోండి."

గూడ్సు బండి. పెట్టె వెనక పెట్టె, అంతం లేకుండా. ఆ చప్పుడులో అత్తగారు ఆమె వీపు వెనకాల నుంచి అంది: "మా అత్తగారంటే నాకు హడలు. గిన్నె పగిలితే పెంకులు ఎవరూ చూడకుండా పెరట్లో పాతిపెట్టేదాన్ని. ఆవిడ పోయాక, హమ్మయ్య, ఇక నాకా బాధ లేదనుకున్నాను. ఇవాళ ఆ రొయ్యల్ని పూలకుండీలో పాతిపెట్టాను. పాతిపెడుతుంటే, ఈ వయసులో ఇదేమిటే నీకు అని నాకే నవ్వొచ్చింది."

కోడలికి నవ్వు రాలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యమూ రాలేదు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈవిడకి తను భయపడిన రోజులున్నాయి. ఆ భయం తన దగ్గర్నుంచి ఆవిడ దగ్గరికి ఎప్పుడు మారిందో ఆమె గమనించనే లేదు. సిగ్గేసింది. గేటు లేచింది.

కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. మెట్లు ఇరుకు. డబ్బాలు గోడలకి తగులుతుంటే ఇద్దరూ ఎక్కారు. గదిలో వాచీలాయన కొత్త తొట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డి నీటుగా, వరసలు వరసలుగా నాటి ఉంది, వాచీలో ముళ్ళు బిగించినంత శ్రద్ధగా. బేసిన్ ఖాళీగా బోర్లించి ఉంది.

"రా చెల్లెమ్మా, సమయానికి వచ్చావు. ఇప్పుడే వదిలాను," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "చూడు, ఎంత ఆనందమో వాటికి. ఒకచోట నిలవడం లేదు. ఎలా గంతులేస్తున్నాయో చూడు."

దానిమ్మ గింజలు అద్దం వెంబడి పైకీ కిందికీ దూకుతున్నాయి.

"అవి గంతులు కావు అన్నయ్యగారూ," అంది ఆమె. "గడ్డికి మందు తగిలింది. వెంటనే తీసేయాలి. అన్నింటినీ."

ఆయన ఆమె మొహం చూశాడు, తొట్టె చూశాడు.  లేచి వల తెచ్చాడు. ఆమె బేసిన్ తిరగేసి మొదటి డబ్బా నీళ్ళు పోసింది. ఆయన వల దించాడు, రొయ్యలు తప్పించుకున్నాయి. మళ్ళీ దించాడు, మళ్ళీ తప్పించుకున్నాయి. 

"ముందు నుంచి కాదు నాయనా," అంది అత్తగారు. "రొయ్య వెనక్కి దూకుతుంది. వల దాని వెనకాల పెట్టి, ముందు నుంచి వేలితో బెదిరించు. దానంతటదే వచ్చి పడుతుంది. ఇలా తే." సాక్షి సీసాల కోసం రోజూ పట్టేది ఆవిడే కదా. తడిసిన బట్టలతోనే తొట్టె మీదికి వంగి పట్టడం మొదలుపెట్టింది. వాచీలాయన వేలితో బెదిరిస్తున్నాడు, ఆవిడ పడుతోంది, కోడలు బేసిన్‌లోకి విదిలిస్తోంది. గడ్డి వరసలన్నీ లేచిపోయి నీళ్ళలో తేలుతున్నాయి. బురద లేచి నీళ్ళు మసకబారాయి. కొన్ని వలలో పడేటప్పటికే కదలడం మానేశాయి. వాటినీ బేసిన్‌లోనే వేశారు, ఏమో, లేస్తాయేమోనని. చివరికి తొట్టెలో ఎరుపన్నది కనపడకుండా పోయింది.

బేసిన్ నీళ్ళు వంపి, రెండో డబ్బా పోశారు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. వాచీలాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"సాక్షి చూశానన్నావు కదా చెల్లెమ్మా," అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. అలా అని ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది.

దారిలో ఆమె ఒక జవాబు సిద్ధం చేసుకుంది. ఒక్కోసారి సాక్షి రొయ్యలు కూడా తట్టుకుంటాయి, మీవి సుకుమారం కాబట్టి తట్టుకోలేదు అని. ఎవరూ కాదనలేని జవాబు. ఆయనా నమ్మేవాడు, ఆమె పేరూ నిలిచేది. పక్కన అత్తగారు అప్పటికే నోరు తెరిచింది. "నాయనా, అది నావల్ల…"

"ఆగండత్తయ్యా," అంది కోడలు. "అన్నయ్యగారూ, సాక్షి సరిగ్గానే చెప్పింది. రొయ్యలు చచ్చాయి. మా అత్తయ్య చచ్చినవాటిని తీసేసి బతికినవాటిని వేసింది, తన వల్లే చచ్చాయనుకుని. నాకు చెప్పలేదు. చెప్తే తిడతానని. ఇంతకు ముందొకసారి తిట్టాను, పరాయి మనిషి ముందు, అనరాని మాటలు. ఇంట్లో నిజం చెప్పడానికి భయపడే మనిషిని కాపలా పెట్టి, నేనొచ్చి మీకు మాటిచ్చాను."

అత్తగారు కోడలి వైపు చూసి, చూపు తిప్పుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. నీళ్ళు ఒలికి ఎలాగూ తడిసే ఉంది.

వాచీలాయన వెళ్ళి కిటికీ దగ్గర, బేసిన్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. "పెద్దమ్మా," అన్నాడు తిరగకుండానే, "పోయినవాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. లేకపోతే నీళ్ళు పాడై మిగతావీ పోతాయి. నేను చూడలేను. మీరు చూస్తారా? పోయినదల్లా పైకి చెప్పండి. నాకు తెలియాలి."

అత్తగారు బేసిన్ పక్కన ఓ పీట లాక్కుని కూర్చుంది. కోడలు తొట్టెలో నీళ్ళు తోడిపోసి, దాన్ని నీళ్ళ గదిలోకి ఈడ్చుకెళ్ళి, గడ్డంతా సంచిలో కుక్కి, అడుగున ఉన్న గులకరాళ్ళని దోసిళ్ళతో తీసి కుళాయి కింద కడగడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి బేసిన్ కనపడదు. అత్తగారి వీపు కనపడుతుంది.

ఒకటి పోయిందన్న మాట మొదటిసారి దాదాపు వినపడకుండా వచ్చింది. అనేసి ఆవిడ మెడ తిప్పి నీళ్ళ గది వైపు చూసింది.

"ఊఁ, విన్నానత్తయ్యా," అంది కోడలు. "తీసి పక్కన పెట్టండి."

కిటికీ దగ్గర వాచీలాయన భుజాలు కాస్త వంగాయి.

"ఇంకోటి పోయింది." ఈసారి గొంతు నిలబడింది. "ఇది బాగా ఎర్రటిది, నాయనా." ఆ తర్వాత మరొకటి, ఆ వెంటనే రెండు కలిపి. ప్రతిసారీ చెప్పి కోడలి వైపు చూసేది, కోడలు ఊఁ కొట్టేది. కొన్నింటి తర్వాత చూడడం మానేసింది. చెప్పడం మాత్రం మానలేదు. పిల్లది పోయింది. గుడ్లున్నది పోయింది. ఆ మాటకి వాచీలాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు, కోడలు పళ్ళు బిగబట్టి రాళ్ళు రుద్దింది, అరుపంటూ రాలేదు.

కిటికీలో వెలుగు పచ్చబడింది. కింద బజారులో మధ్యాహ్నం మూసిన కొట్ల తలుపులు మళ్ళీ తీస్తున్న చప్పుళ్ళు మొదలయ్యాయి. ఎప్పుడో ఒకప్పుడు కోడలికి తట్టింది, అత్తగారి గొంతు విని చాలాసేపైందని. రాళ్ళు కడిగే చేతులు ఆగాయి. వాచీలాయన కూడా తలెత్తి, ఇటు తిరగకుండా, చెవులు ఒగ్గి కూర్చుని ఉన్నాడు.

పీట మీద అత్తగారు బేసిన్ మీదికి వంగే ఉంది, వీపు కదలడం లేదు. ఇంకెప్పుడైనా అయితే గడ్డి వదిన ఒక్క ఊపున లేచి, ఆవిణ్ణి పక్కకి జరిపి, తనే వంగి చూసేది. నాలుగడుగుల దూరం. ఆమె మోకాళ్ళ మీద లేచే ఉంది కూడా. పోయి ఉంటే ఆవిడే చెప్తుందని మళ్ళీ కూర్చుంది. కుళాయి సన్నగా తిప్పి, ఇంకో దోసెడు రాళ్ళు తీసుకుని, కడగడం మొదలుపెట్టింది.